రోటికి చెప్పిన ఓడ కబురు

ధర్మపురి బస్టాండు వెనక సందులో ఉన్న నాగవేణమ్మ మెస్సుకు కొత్తగా వచ్చినవాడెవడైనా "సాంబారు కొంచెం పలచగా ఉందమ్మా" అన్నాడంటే, వాడు మళ్ళీ ఆ సందు తొక్కడు. వాడే కాదు, వాడి పక్కన కూర్చుని తలూపినవాడు కూడా తొక్కడు. ఆమె నోరు అలాంటిది. అయినా మధ్యాహ్నం పూట ఆ మెస్సులో చోటు దొరకడం కష్టం. ఆ చేతి రాగిసంగటి, వేరుశెనగ పచ్చడి ఊళ్ళో మరెక్కడా లేవు. కోర్టు గుమాస్తాలు, సేలం బస్సుల కండక్టర్లు తల వంచుకుని తిని, వంచిన తల ఎత్తకుండానే వెళ్ళిపోయేవారు.

ఆమె తిట్లకు రెండు భాషలు. బయటివాళ్ళను అరవంలో తిట్టేది, తనవాళ్ళను తెలుగులో తిట్టేది. ఆమె పూర్వులు ఎన్ని తరాల కిందట ఈ అరవ నేలకు వచ్చారో ఎవరికీ తెలియదు. తెలుగు చదవడం రాయడం ఆ ఇళ్ళలో ఎవరికీ రాదు. అది ఇంటి లోపల తిరిగే భాష, అంతే. అందుకని అరవంలో తిట్లు తిన్నవాడు అదృష్టవంతుడు. తెలుగులో తిట్టు పడిందంటే అది కడుపులోంచి వచ్చిందని అర్థం.

ఆ లెక్కన చూస్తే, ఆ మెస్సులో అందరికంటే ఎక్కువ తెలుగు విన్నది మూలనున్న రుబ్బురోలు.

మనిషి రోటితో మాట్లాడే దశకు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆమె తమ్ముడు మాదప్ప గురించి చెప్పాలి. పెరియంపట్టిలో మేకలు మేపే ఇంట్లో తల్లి పోయేనాటికి మాదప్ప ఇంకా పాకుతున్నాడు. నాగవేణమ్మ వాడిని చంకనేసుకునే మేకలు తోలింది. పెళ్ళిచూపులకు వచ్చిన ఓబప్ప ఆ చంకలో పిల్లాడిని చూసి బెదిరితే, "వీడు నా తమ్ముడు. నాతోనే వస్తాడు. ఇష్టమైతే తాంబూలం తీసుకో, లేకుంటే లేచి పో" అంది. ఆ రోజు బెదిరిన ఓబప్ప మళ్ళీ తేరుకోలేదు. ఆమె ధర్మపురి వచ్చి మెస్సు పెట్టినా, తను పల్లెలోనే గేదెలు మేపుకుంటూ, సంత రోజున మెస్సుకు నెయ్యి తెచ్చి ఇచ్చి, పెళ్ళాం ప్రసన్నంగా ఉంటే భోంచేసేవాడు, లేకపోతే మంచినీళ్ళు తాగి ఊరి బస్సు ఎక్కేవాడు.

మాదప్ప పెద్దవాడై కారు తోలడం నేర్చుకున్నాడు. ఒక పాత అంబాసడర్ సంపాదించి బస్టాండు దగ్గర పెట్టాడు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి అక్క మెస్సులోకి టెలిఫోను తెచ్చింది కూడా అతనే. ఆ వీధి మొత్తానికి అదొక్కటే ఫోను. ఆ ఫోనుకే మదరాసు నుంచి వెంకటరామన్ ట్రంకు కాల్ చేసేవాడు.

వెంకటరామన్ ధర్మపురివాడే. మదరాసు హార్బరు ఎదురుగా టూర్ల ఆఫీసు పెట్టుకున్నాడు. లోకం చుట్టి వచ్చే పెద్ద ఓడలు చలికాలంలో మదరాసు రేవులో రెండు మూడు రోజులు ఆగేవి. దిగిన దొరలను ఓడవాళ్ళే బస్సుల్లోకి ఎక్కించి, మహాబలిపురం చూపించి, మళ్ళీ లెక్కపెట్టి ఓడెక్కించేవారు. మందలో పోవడం ఇష్టంలేని దొరలు కొందరు ఉంటారు. మాకు మేమే, మాకొక కారు, మాకొక గైడు అనే రకం. వాళ్ళు ఓడ బొంబాయిలో ఉండగానే వెంకటరామన్‌కు తంతి కొట్టి టూరు బుక్ చేసుకునేవారు. అతను వాళ్ళకు హొగెనకల్ జలపాతం, గుండ్రటి పుట్టిలో ఏటి మీద షికారు అని ఊరించి, మెస్సుకు ఫోను చేసి మాదప్ప కారును ఖాయం చేసేవాడు. మాదప్ప కారు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పోయి రేవులో నిలబడేవాడు.

ఈ సొంత టూర్లలో ఒక మెలిక ఉంది. ఓడవాళ్ళు నడిపే బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా బుక్ చేసుకున్న కారు ఆలస్యమైతే ఆగదు. నీ టైరు పగిలిందా, నీ ఇంట్లో శుభకార్యమా అని ఓడ అడగదు. ఈ మెలికే అక్కాతమ్ముళ్ళ మధ్య నిప్పు పెట్టింది.

నాగవేణమ్మకు లేకలేక పుట్టిన బిడ్డ సరసు. దానికి చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టారు. వాళ్ళలో బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టాలి. మేనమామ బతికి ఉండగా ఇంకొకరి ఒళ్ళో కూర్చోబెడితే, ఆ తల్లి పుట్టిల్లు లేనిదాని కింద లెక్క. సరిగ్గా ఆ ముందురోజే మాదప్ప ఒక దొరల జంటను హొగెనకల్ తీసుకొచ్చాడు. తెల్లారి సేలం నుంచి ఇంకొక కారు వచ్చి వాళ్ళను మదరాసుకు తీసుకుపోవాలి. ఆ కారు రాలేదు. సాయంత్రానికి ఓడ కదులుతుంది. ఇంకేం చేస్తాడు, దొరలను తన కారులోనే ఎక్కించుకుని మదరాసు దారి పట్టాడు. మెస్సు ముందునుంచే పోయాడు. పందిరి కింద అక్క, బిడ్డ, చుట్టాలు అందరూ అతనికోసం చూస్తున్నారు. కారు ఆపి ఒక్క మాట చెప్పి పోవచ్చు. ఆపితే అక్క పోనివ్వదని తెలుసు. హారన్ కొట్టి పోయాడు.

కారు పోయినందుకు ఆమె క్షమించేదేమో. ఆ హారన్ కొట్టినందుకు క్షమించలేదు.

కంసాలి సూది పట్టుకుని కూర్చున్నాడు. ముహూర్తం దాటిపోతోంది. చివరికి ఓబప్ప చిన్నాయన కొడుకు ఒకడు ముందుకు వచ్చి ఒడి పట్టాడు. పక్కింటి మునియక్క అందరికీ వినపడేలా, "ఏంది నాగవేణీ, పిల్ల మామ చచ్చిపోయినాడా? వీడి ఒళ్ళో కూచోబెట్టినారు?" అంది. నాగవేణమ్మ కంసాలి వైపు తిరిగి బిడ్డ చెవి చూపించింది. జన్మలో ఆమె తిట్టకుండా వదిలేసింది ఆ మునియక్క ఒక్కదాన్నే. పైగా సరసు ఎడమ చెవి చీము పట్టి, మానేటప్పుడు రంధ్రం పూడిపోయింది. మళ్ళీ కుట్టిద్దామని ఓబప్ప గొణిగితే, "ఉండనీ. చూసేవాళ్ళు చూడనీ" అంది. పిల్ల ఒక చెవికే కమ్మతో పెరిగింది.

చెవులు కుట్టిన మర్నాడు మాదప్ప పళ్ళు, పట్టుపావడా పట్టుకుని వచ్చాడు. నాగవేణమ్మ గడప మీదే పళ్ళెంలో కర్పూరం వెలిగించింది.

"ఇంక నీ మొకం చూసి మాట్లాడను. నీ పేరు నా నోట రాదు. నా బిడ్డ సరసు మీద సత్తెం" అని అరచేత్తో మంటను కొట్టి ఆర్పింది.

కర్పూరం ఆర్పి చేసిన సత్యం తప్పితే, ఎవరి మీద ఒట్టు వేశారో వాళ్ళకే తగులుతుందని అక్కడివాళ్ళ భయం. మాదప్ప ముఖం నల్లబడింది. పట్టుపావడా గడప మీద పెట్టి, "అట్లనే కానీ" అని వెళ్ళిపోయాడు. బతిమాలలేదు. వాడూ ఆ చంకలో పెరిగినవాడే కదా.

పోయినవాడు పూర్తిగా పోతే గొడవ వదిలేది. కానీ ఫోను మెస్సులో ఉంది, వెంకటరామన్ దగ్గర ఉన్నది ఆ నంబరే. "ఇక్కడ అలాంటివాడు ఎవడూ లేడు" అని ఆమె ఫోను పెట్టేసి ఉంటే సరిపోయేది. పెట్టేయలేదు. తనకు తాను చెప్పుకున్న కారణం ఏమిటంటే, వాడు రోజూ వచ్చి నా గుమ్మంలో నిలబడాలి, నిలబడి నేను వాడితో మాట్లాడకపోవడం చూడాలి, అని. అసలు కారణం వేరే ఉండవచ్చు. అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

ఆ గొడవ తర్వాత మొదటి కాల్ వచ్చిన రోజు మాదప్ప గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఇడ్లీపిండి రుబ్బుతోంది. పొత్రం తిప్పడం ఆపకుండా రోటితో అంది:

"రోలా, విన్నావా? బేస్తవారం మదరాసులో కప్పల్ వస్తుందంట. పొద్దున్నే రేవులో ఉండాలంట. పోయేవాళ్ళు పోవచ్చు, చచ్చేవాళ్ళు చావొచ్చు."

ఓడను వాళ్ళు అరవంలో లాగే కప్పల్ అనేవారు. మాదప్ప కాసేపు ఆలోచించి, తనూ రోటితోనే అన్నాడు: "రోలా, పోతానని చెప్పు. చావడం సంగతి వచ్చినాక చూసుకుందాము."

అది మొదలు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అంటారు. ఈ రోటికి మద్దెల బతుకే వచ్చింది, రెండు వైపులా వాయింపే. "రోలా, లుంగీ మాని పాంటు తొడిగితే దొరలైపోతారా కొందరు?" అని ఒక వైపు. "రోలా, కొందరి సంగటి తిని కోర్టు గుమాస్తాకు పన్ను కదిలిందంట, నేనే సర్ది చెప్పినాను" అని ఇంకొక వైపు. తినేవాళ్ళు నవ్వు ఆపుకోలేక పొలమారేవారు. నవ్వినవాడికి అరవంలో పడేది.

అయితే ఆ తిట్ల మధ్యే ఒక కట్టుబాటు దానంతట అది ఏర్పడింది. రోటి మీద చెయ్యి వేసి చెప్పిన మాటలో అబద్ధం ఉండకూడదు. అన్నం పెట్టే రాయి అది. మనుషుల నోళ్ళకు ఆ కట్టుబాటు లేదు. ఒకసారి ఒళ్ళు మండి, ఆకులెత్తే ముసలి మునుసామిని పిలిచి, "మొరప్పూరు స్టేషన్‌లో దొరలు దిగినారంట, ఆ బండి మనిషికి చెప్పిరా పో" అని పంపింది. మాదప్ప పరుగున పోయి, దొరలు లేని ప్లాట్‌ఫారం మీద పొద్దుగూకే దాకా నిలబడి వచ్చాడు. వచ్చి గుమ్మంలో నిలబడి, "రోలా, ఇంక నువ్వు చెబితేనే నమ్ముతాను. మనుషుల నోట్లో వచ్చింది నమ్మను" అన్నాడు. నాగవేణమ్మ ఆ రోజంతా నవ్వుకుంది.

ఇంతలో సరసు ఎదిగింది. పెద్దమనిషి అయిన పిల్లకు పచ్చాకులతో గుడిసె కట్టి, అందులో కూర్చోబెట్టాల్సింది కూడా మేనమామే. మునియక్క కనపడినప్పుడల్లా పుండు మీద కారం చల్లేది: "గుడిసె ఎవరు కడతారు నాగవేణీ? ఈసారి కూడా ఓబప్ప చిన్నాయన కొడుకేనా?" నాగవేణమ్మ ఆ మాటకు జవాబు సిద్ధం చేసుకునే ఉంది, బయటికి చెప్పలేదు. ఆ రోజు వచ్చినప్పుడు రోటికి చెబుతాను. వాడు విని, మండలు కొట్టుకొచ్చి, గుడిసె కట్టి పోతాడు. నా మాటా తప్పదు, నా బిడ్డ మర్యాదా పోదు. రోలు ఉన్నంతకాలం వాడు ఎక్కడికి పోతాడు? ఇదీ ఆమె ధీమా.

ఎనభై మూడు చివర, మార్గళి నెల చలిలో ఒక ఓడ వచ్చింది. ముసలి దొర, ముసలి దొరసాని. మాదప్ప వాళ్ళను రేవు నుంచి తెచ్చి హొగెనకల్ బంగళాలో దించాడు. మర్నాడు పుట్టి షికారు, ఆ మర్నాడు తెల్లవారుజామున తిరుగు ప్రయాణం, ఆ సాయంత్రం ఓడ కదులుతుంది. అలా ఏర్పాటు. కానీ షికారు రోజు మధ్యాహ్నం, మెస్సు నిండా జనం ఉన్నప్పుడు ఫోను మోగింది.

"అమ్మా, ఓడ రేపు సాయంత్రం కాదు, రేపు పొద్దున్నే పోతుంది" అన్నాడు వెంకటరామన్, అరవంలో, ఊపిరి అందకుండా. "సముద్రంలో గాలి లేస్తోందట, ముందే వెళ్ళిపోతారట. మాదప్ప ఇప్పుడే బయల్దేరాలి. ఆ బంగళా నంబరు ఇవ్వండి, నేనే చెబుతాను."

"నేను చెబుతానులే, పెట్టు" అంది నాగవేణమ్మ. నంబరు ఇవ్వలేదు. వాడికి కబురు తన రోటి నుంచి కాక ఇంకెక్కడి నుంచో అందడం ఆమెకు నచ్చలేదు. ఇచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఎక్స్‌ఛేంజికి చెప్పి బంగళాకు లైను అడిగింది. అక్కడ ఫోను ఎత్తింది వాచ్‌మన్ సెంగోడన్. అతనికి కబురు మొత్తం అరవంలో చెప్పి, మాదప్పతో చెప్పమంది. సెంగోడన్ పోయి, తిరిగి వచ్చాడు.

"నమ్మడంటమ్మా. మొరప్పూరు అన్నాడు. అదేమిటో నాకు అర్థం కాలేదు."

నాగవేణమ్మకు అర్థమైంది. "ఆ మనిషిని ఫోను దగ్గరికి రమ్మను" అంది. కొంతసేపటికి ఫోనులో ఊపిరి వినపడింది. ఆ ఊపిరి ఆమెకు తెలుసు. మేకల వెంట తిరుగుతూ భుజం మీద పడుకోబెట్టుకున్న ఊపిరి. అతను హలో అనలేదు. ఆమె ఫోనును తీగ సాగినంత దూరం లాక్కుని, రోటి పక్కన గొంతుక్కూర్చుని, రాయి మీద చెయ్యి వేసింది.

"రోలా, విను" అంది గట్టిగా. "కప్పల్ రేపు పొద్దున్నే పోతుందంట. సాయంత్రం కాదు. ఇప్పుడే బండి తియ్యాలంట. నీ మీద చెయ్యి పెట్టి చెప్తా ఉండాను."

అటునుంచి మాదప్ప మాట్లాడాడు, ఆమెతో కాదు, బంగళా వసారాలో స్తంభంతో.

"స్తంభమా, ఫోనులో నాకు రోలు కనపడదు. చెయ్యి రోటి మీద ఉందో గల్లాపెట్టె మీద ఉందో నాకెట్ల తెలుస్తుంది? మొరప్పూరు పోయి నిలబడి వచ్చినవాణ్ణి నేను. దొరా దొరసానీ ఇంకా పుట్టి కూడా ఎక్కలేదు, ఇప్పుడు లెయ్యమంటే వాళ్ళు నన్ను నమిలి మింగుతారు. నిజమైతే పేరు పెట్టి పిలవమను. మాదా అని. ఒక్కసారి పిలిస్తే ఆ నిమిషమే బండి తీస్తాను."

నాగవేణమ్మ నోట్లోకి ఆ పేరు వచ్చింది. నిజంగానే వచ్చింది. ఇన్నేళ్ళు మింగిన పేరు నాలుక మీదకు వచ్చి కూర్చుంది. సరిగ్గా అప్పుడే సరసు బడి నుంచి అన్నానికి వచ్చి, సంచీ గోడకు తగిలించి, తల్లి వైపు తిరిగింది. ఎడమ చెవి బోసిగా ఉంది.

బిడ్డ మీద ఆర్పిన కర్పూరం ఆమెకు గుర్తొచ్చింది. భయం ముందు వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దాని వెనకే హారన్ కూడా వినపడింది, పందిరి కింద కూర్చున్న ఆ పొద్దు విన్నంత గట్టిగా. భయం ఎంత, కోపం ఎంత అని ఆమె విడదీసి చూసుకోలేదు.

"రోలా, చెప్పాల్సింది చెప్పినాను" అంది. "కప్పల్ కోసరం మేనకోడల్ని విడిచి పోయినారు ఆ పొద్దు. ఈ పొద్దు కప్పల్‌నే విడుచుకోనీ."

ఫోను పెట్టేసింది. పెట్టేశాక సాయంత్రం దాకా పిండి రుబ్బుతూనే కూర్చుంది. మళ్ళీ ఫోను చేయడానికి అంత సమయమూ ఉంది. చేయలేదు. పిండి మరీ మెత్తగా నలిగి, మర్నాడు ఇడ్లీలు జిగురుగా వచ్చాయి. తిన్నవాడెవడూ కిమ్మనలేదు.

మర్నాడు మాదప్ప రేవుకు చేరేసరికి ఓడ ఉండాల్సిన చోట నీళ్ళున్నాయి. దొరసాని మందులూ బట్టలూ అన్నీ ఓడలోనే పోయాయి. ఆవిడ తాళ్ళు కట్టే ఇనుప దిమ్మ మీద కూర్చుని, చేతిలో హొగెనకల్‌లో కొన్న చిన్న బొమ్మ పుట్టి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దొర ఏడవలేదు, మాదప్ప చొక్కా పట్టుకున్నాడు. జేబు చిరిగింది. చివరికి వెంకటరామన్ నానా తంటాలు పడి వాళ్ళను విమానంలో సింగపూరు పంపాడు, ఓడను అక్కడ పట్టుకోమని. పంపి, మెస్సుకు ఫోను చేశాడు.

"నేను చెబుతాను అన్నారు కదమ్మా! చెప్పలేదా?"

"చెప్పినాను."

"ఎవరికి చెప్పారు?"

"రోటికి."

"నేను మనుషులకు టూర్లు బుక్ చేసేవాణ్ణి. రాళ్ళకు కాదు" అన్నాడు వెంకటరామన్. ఓడల కోసం ఆ ఫోను మోగడం అదే ఆఖరు.

తర్వాత ఒక పొద్దున మాదప్ప వచ్చాడు. చిరిగిన జేబు వేరే రంగు దారంతో కుట్టి ఉంది. ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడ్డాడు. నాగవేణమ్మ పొత్రం తిప్పడం ఆపలేదు గానీ, రోట్లో బియ్యం వేయడం మరిచిపోయింది.

"రోలా, నువ్వు నిజమే చెప్పినావు. నమ్మంది నేను, తప్పు నాది" అన్నాడు. "నిన్ను అడ్డం పెట్టుకుని తిడతా ఉన్నంత కాలమూ నాకు ఒక అక్క ఉందనే అనుకున్నాను. ఒక్క పేరు. రెండక్షరాలు. ఒక ముసలామె కట్టుబట్టలతో రేవులో ఏడ్చింది, ఆ రెండక్షరాలు రాక. ఇంక నీతో నాకు మాటలు లేవు."

"రోలా, పేరు పెట్టి పిలిపించుకోవాలంటే ఆ పొద్దు పందిరి ముందర బండి ఆపి ఉండాల్సింది" అంది నాగవేణమ్మ.

ఇన్నేళ్ళలో రోటికి బదులు రాకపోవడం అదే మొదటిసారి. తలెత్తి చూస్తే గుమ్మంలో ఎండ మాత్రం ఉంది. కారు అమ్మేసి హోసూరులో లారీకి కుదిరాడని వారం తిరక్కుండానే తెలిసింది. పోతూ హారన్ కొట్టలేదు.

ఆ తర్వాత కూడా ఆమె పిండి రుబ్బుతూ అలవాటు కొద్దీ "రోలా" అనేది. అని, గుమ్మం వైపు చూసి, నోరు మూసుకునేది. తినేవాళ్ళ మీద తిట్లు పెరిగాయి. సాంబారు గురించి కాదు, చెంబు చప్పుడు చేసినా తిట్టేది. మరీ ఘోరం ఏమిటంటే, ఇప్పుడు అందరినీ అరవంలోనే తిట్టేది. తెలుగులో తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం సరసు పెద్దమనిషి అయింది. సంతకు వచ్చిన ఓబప్ప ఆ కబురు విని, నెయ్యి చెంబు చేతిలో ఉండగానే వంటింట్లోకి పరుగెత్తాడు.

"హోసూరికి కబురు పెడదామా?" అన్నాడు.

"ఎవరి నోట్లో పెట్టి పంపుతావు?" అంది ఆమె. "మనుషులు చెబితే నమ్మరంట."

అయినా ఆమె వెళ్ళి రోటి మీద చెయ్యి వేసింది. తినేవాళ్ళు చూస్తుండగానే గట్టిగా చెప్పింది: "రోలా, సరసు పెద్దమనిషి అయినాది. పొద్దుగూకేలోగా గుడిసె కట్టాలి." గుమ్మంలో ఎవరూ లేరు. ఓబప్ప జీవితంలో మొదటిసారి పెళ్ళాం మాట కాదని, దొరికినవాణ్ణి దొరికినట్టు హోసూరు బస్సు ఎక్కించాడు. దొరికింది ముసలి మునుసామి. మొరప్పూరు కబురు మోసిన ఆ మునుసామే.

మధ్యాహ్నం తిరిగాక మునుసామి ఒక్కడే వచ్చాడు.

"లారీ కింద పనిలో ఉన్నాడమ్మా. చెప్పినాను. 'మొరప్పూరికి నన్ను పంపింది నువ్వే కదయ్యా' అని నవ్వినాడు. నవ్వి లారీ ఎక్కి పోయినాడు."

నాగవేణమ్మ మునుసామిని తిట్టలేదు. కత్తి తీసుకుని పెరట్లోకి పోయి, తలుపు గడియ పెట్టుకుంది. వీధి చివర కానుగ చెట్టు నుంచి తనే కొట్టుకొచ్చిన మండలు గోడవారన పడి ఉన్నాయి. నాలుగు గుంజలు పాతి, మండలు నిలబెట్టి, కట్టడం మొదలుపెట్టింది. గుడిసె కట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, అది ఆడవాళ్ళ పని కాదు. చేతికి వచ్చిన ముడి ఒక్కటే, మల్లెపూలు మాల కట్టే ముడి. ఆ ముడితోనే కొమ్మ మీద కొమ్మ కట్టుకుంటూ పోయింది. అరచేతులు గీరుకుపోయాయి. కట్టినంతసేపూ ఆమెకు వాడి మీద కోపం వచ్చింది, నవ్వి పోయినందుకు. దానికంటే ఎక్కువ కోపం తన మీద వచ్చింది, వాడు నమ్మకుండా చేసింది తనే కనక. ఆ ఫోనులో ఒక్క పేరు పిలిచి ఉంటే ఈ మండలు ఈ చేతుల్లో ఉండేవి కావు.

పొద్దువాలే వేళకు ఆడవాళ్ళు పసుపునీళ్ళకు వచ్చారు. పచ్చాకుల గుడిసెలో సరసు కూర్చుని ఉంది, ఒక చెవి కమ్మతో. గుడిసె ముందు పళ్ళెంలో కర్పూరం వెలుగుతోంది. అందరికంటే ముందు మునియక్క వచ్చి, చుట్టూ తిరిగి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది నాగవేణీ, గుడిసె ఎవరు కట్టినారు?"

నాగవేణమ్మ చేతులు కొంగులో దాచుకుంది. వెలుగుతున్న కర్పూరం వంక చూసింది. ఆ సత్యం ఆమెకు బాగా గుర్తుంది.

"మాదప్ప కట్టినాడు" అంది. "నా తమ్ముడు మాదప్ప. మధ్యానమే వచ్చి కట్టి పోయినాడు. లారీకి లోడు ఉండాదని నిలబడలేదు."

మునియక్క వంగి ఒక ముడిని గోటితో గీకి చూసింది. "మాదప్పకు పూలు కట్టే ముడి ఎప్పుడు వచ్చింది?"

"నా చంకలో పెరిగినవాడు. నాకు వచ్చినవన్నీ వాడికి వచ్చు" అంది నాగవేణమ్మ. అన్నది తెలుగులోనే.

ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరికీ, అడిగినా అడగకపోయినా, మాదప్ప పేరు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ గుడిసెలోకి వంగి, ఒళ్ళు కాలుతోందేమోనని పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంది.